కప్పు అడుగున ఏముంది?

విజయవాడ

అమ్మాయీ,

పింగాణీ పూలని గుడ్డ మీదికి తెచ్చే ఆ వస్త్ర కళాకారుడి మీద, మీ అమ్మమ్మ కప్పు మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. పద్నాలుగు పేజీలు. ఫోన్లో చదవడం నా కళ్ల వల్ల కాదు, వీధి చివర జిరాక్స్ షాపు కుర్రాడి చేత ప్రింటు తీయించుకున్నాను. పేజీకి అయిదు చొప్పున డెబ్బై రూపాయలైంది. కాబట్టి నాలుగు చివాట్లు పెట్టే హక్కు డబ్బిచ్చి కొనుక్కున్నాననే అనుకుంటున్నాను.

ముందు ఆ 'మేడమ్' మానెయ్యి. డెబ్బై మూడేళ్లదాన్ని, పెద్దమ్మా అంటే చాలు.

పదకొండో పేజీలో ఒక వాక్యం గొంతులో ముల్లులా అడ్డుపడింది. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం అసలు దాని కోసమే. లేకపోతే 'బాగుంది, రాస్తూ ఉండు' అని మెసేజ్ పెట్టి ఊరుకునేదాన్ని. ఈ మధ్య అందరికీ అదే పెడుతున్నాను. ఆ వాక్యం సంగతి చివర్లో మాట్లాడుకుందాం. దాని దగ్గరికి చేరేలోపు కాస్త చెత్త ఊడవాలి.

ఆ కళాకారుడి పేరు కాఫీ ఫాసెట్ కాదు, కేఫ్ ఫాసెట్. 'సేఫ్' అన్నట్టు పలకాలి. ఇంగ్లిషులో కొళాయినీ ఫాసెట్ అనే అంటారు. పద్నాలుగు పేజీల నిండా కాఫీ ఫాసెట్, కాఫీ ఫాసెట్ అంటే చదివేవాళ్లు కాఫీ వచ్చే కొళాయి అనుకుంటారు. ఒక మనిషి గురించి ఇంత రాసేదానివి, తన పేరు తను ఎలా పలుకుతాడో ఒక్కసారి వినాలనిపించలేదా?

ఇంకోటి. ఆ నీలం పళ్లెం, విల్లో ప్యాటర్న్. వంతెన మీద ముగ్గురు మనుషులు, ఆకాశంలో జంట పిట్టలు. ప్రేమికులు చనిపోయి పిట్టలైన 'ప్రాచీన చైనా గాథ' అని రాశావు. అది చైనా నుంచి రాలేదు, అంత పాతదీ కాదు. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండు పింగాణీ కార్ఖానాల వాళ్లు చైనా సరుకు చూసి తమకు తోచినట్టు కల్పించుకున్న బొమ్మ. కథ ఆ తర్వాత ఇంగ్లండులోనే పుట్టింది, పళ్లేల అమ్మకానికి బాగా పనికొచ్చింది. అది ఇంటర్నెట్లో పది చోట్ల అలాగే ఉంటుంది కాబట్టి నువ్వూ అలాగే దించేశావు. నిన్ను ఒక్కదాన్నే అనడం కాదులే, పెద్ద పెద్దవాళ్లే దించేస్తున్నారు.

మిగతా వివరాలు సరిగానే ఉన్నాయి. ఫాసెట్ 1937లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టడం, 1964లో ఇంగ్లండు చేరడం, 1988లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ప్రదర్శన, బతికుండగా అక్కడ ఒక్కడి పనితోనే ప్రదర్శన జరిగిన మొదటి వస్త్ర కళాకారుడు కావడం. సరే. ఇవి ఎవరైనా రాస్తారు. నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన రైలు ప్రయాణం ఉంది చూడు, నేను అక్కడ ఆగాను. ఆయన బొమ్మలు వేసుకునే మనిషి. ఆ రోజుల్లో వేస్తున్నవి తెలుపు మీద తెలుపు, తెల్ల కప్పులూ తెల్ల గిన్నెలూ. బిల్ గిబ్ అనే డిజైనర్‌తో కలిసి స్కాట్లండ్ వెళ్లాడు. అక్కడ ఒక మిల్లులో ఊలు ఉండలు చూస్తే, బయట కొండల మీద చూసిన రంగులన్నీ వాటిలో కనిపించాయి. ఇరవై రంగులు కొన్నాడు. తిరుగు రైల్లో తోటి ప్రయాణికురాలిని అడిగి అల్లిక నేర్చుకున్నాడు.

తెల్ల కప్పులు వేసుకునే చెయ్యి ఉన్నట్టుండి ఇరవై రంగుల మీదికి ఎలా పోయింది? ఒక గంటలోనో రెండు గంటలోనో సూదులు పట్టడం నేర్పిన ఆ ఆవిడ ఏమనుకుని ఉంటుంది? నీ వ్యాసానికి గుండెకాయ అక్కడుంది. అది వదిలేసి 'గతకాలపు మధురిమలను దారపు పోగుల్లో బంధించిన కళాకారుడు' అని రాశావు. ఏ పోగులమ్మా? ఊలా, నూలా? అల్లికా, కాన్వాసు మీద కుట్టా, బొంతా? ఆయన అన్నీ చేశాడు. టీ పాత్రలూ పూల కూజాలూ పళ్లేలూ కాన్వాసు మీద ఊలుతో కుట్టించాడు, బొంతలకి గుడ్డలు డిజైను చేశాడు, చివరికి పింగాణీ పెంకులతో మొజాయిక్ కూడా చేశాడు. ఒక్కోదానికి చెయ్యి ఒక్కోలా కదులుతుంది. నీ వాక్యంలో చెయ్యే లేదు.

'మధురిమలు' అనే మాట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పుడు ఏ పత్రిక తెరిచినా అమ్మమ్మ, ఆవకాయ, ఆరుబయట నులక మంచం. అందరి అమ్మమ్మలూ మంచివాళ్లే. ఒక్క ముసలావిడకీ నోటి దురుసు లేదు, కోడల్ని ఏడిపించిన పాపాన పోలేదు. దీన్ని వేయడానికి సంపాదకులు క్యూలు కడతారు. పండగ సంచికకి బొమ్మతో సహా సరిపోతుంది కదా. నేను పొలం గట్టు తగాదా మీద కథ పంపితే మూడు నెలలు ఉంచుకుని, 'కాస్త ఆహ్లాదకరమైనది పంపగలరు' అని కార్డు రాశాడొకాయన. ఆయన ఇప్పుడు లేడు, పేరెందుకు.

ఇక నా పిచ్చి ఒకటి చెప్తాను. ఎవరింటికి వెళ్లినా కాఫీ తాగేశాక కప్పు తిరగేసి అడుగు చూస్తాను. మా కోడలికి ఇది చచ్చేంత నామోషీ. కానీ నాకు రాయడం నేర్పింది ఆ అలవాటే.

మా ఇంట్లో ఒక కప్పూ సాసరూ ఉండేవి. పల్చటివి. వెలుతురుకి ఎదురుగా పెడితే అవతల వేళ్ల నీడ కనిపించేది. గులాబీల తీగ, అంచున బంగారు గీత. 'దొరగారి కప్పు' అనేవాళ్లం. కలెక్టరు దొర సీమకి వెళ్లిపోతూ సామాను వేలం వేస్తే మా తాతయ్య పాడాడని కథ. చుట్టాలొస్తే ఆ కథ చెప్పకుండా కాఫీ ఇచ్చేవాళ్లు కాదు. పెళ్లిచూపుల్లో నా చేత ఆ కప్పే పట్టించారు, మా ఇంటి అంతస్తు తెలియాలని. నేను మొట్టమొదట రాసిన వ్యాసం కూడా దాని మీదే. దొర, వేలం, తాతయ్య మీసాలు, అన్నీ దట్టించి పంపాను. వేశారు కూడా.

ఆ తర్వాత చాలా ఏళ్లకి, అమ్మ పోయాక సామాను సర్దుతుంటే, మొదటిసారి దాన్ని బోర్లించి చూశాను. ఎర్ర సిరాతో చిన్న ముద్ర: 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్'. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక జపాన్ 1952 దాకా పరాయి సైన్యాల అదుపులో ఉంది. ఆ రోజుల్లో ఎగుమతికి చేసిన సరుకు మీద వేసిన ముద్ర అది. దొర వేలమేమిటి, దొరలు ఓడెక్కాకే ఆ కప్పు కొలిమిలోంచి బయటికొచ్చి ఉంటుంది. బాబాయిని నిలదీస్తే నవ్వి, 'మీ తాత మద్రాసు మూర్ మార్కెట్లో బేరమాడి తెచ్చాడే, నేను పక్కనే ఉన్నాను' అన్నాడు. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా అంటే, 'ఎవరూ అడగలేదుగా' అన్నాడు.

చూశావా, నా వ్యాసంలో ఉన్న దొరకంటే ఈ ముద్రలో ఎంత కథ ఉందో. ఓడిపోయిన దేశంలో కడుపు నిండక ఎవరో ఇంగ్లిషు గులాబీలు దిద్దారు. మూర్ మార్కెట్లో ఒక తెలుగాయన దాన్ని కొని దొరల వేలంలో పాడానని అబద్ధం ఆడాడు. మా అమ్మ ఆ అబద్ధాన్ని ముప్ఫై ఏళ్లు చింతపండుతో తోమింది. నేను చూసింది గులాబీలు మాత్రమే.

ఆ గులాబీలు కప్పు మీదికి ఎలా ఎక్కుతాయో తెలుసా? ఒక్కోటీ చేత్తో దిద్దరు అన్నిసార్లూ. ఇంగ్లండులో స్టోక్-ఆన్-ట్రెంట్ కార్ఖానాల్లో అయితే రాగి పలక మీద బొమ్మ చెక్కి, పల్చటి కాగితం మీద అచ్చు తీసి, ఆ కాగితాన్ని కప్పు చుట్టూ అంటించేవాళ్లు. అంటించే పని ఎక్కువగా ఆడవాళ్లదే. కాగితమేమో బల్లపరుపు, కప్పేమో గుండ్రం. ఎక్కడో కత్తిరించాలి, ఎక్కడో అతకాలి. పిడి కింద వెతికితే అతుకు దొరుకుతుంది, పువ్వు సగంలో తెగిపోయి ఉంటుంది. పూల గుడ్డతో జాకెట్టు కుట్టినవాళ్లకి ఈ బాధ తెలుసు. డిజైను కలవని చోటుని చంక కిందికి తోసేస్తాం. పింగాణీ అంటించిన ఆడమనిషీ అదే చేసింది. గుడ్డకీ కప్పుకీ చుట్టరికం అని నువ్వు మూడు పేజీలు తాత్త్వికంగా రాశావే, అది ఆ పిడి కింద అతుకులో ఉంది. కేఫ్ ఫాసెట్ దగ్గరికి ఆ అతుకు మీదుగా వెళ్లి ఉంటే నిన్ను నెత్తిన పెట్టుకునేదాన్ని.

పైగా నీది బందరు పక్క ఊరు! అది తలచుకుంటే ఇంకా కోపం వస్తోంది. ఇంగ్లిషువాళ్లు 1611లో బందర్లో వర్తకశాల పెట్టింది మన గుడ్డల కోసమే. మన కోస్తాలో కరక్కాయ రసంలో నానబెట్టి, కలంతో పూలు దిద్ది, రంగులద్దిన నూలు గుడ్డ ఓడలెక్కి వెళ్లి యూరప్‌ని పిచ్చెక్కించింది. చింట్జ్ అన్నారు దాన్ని. మన చీటి పరికిణీలో 'చీటి' దాని చుట్టమే. ఫ్రాన్సు 1686లో ఆ గుడ్డని నిషేధించింది. లండన్లో 1719లో పట్టు నేతగాళ్లు, అద్దకం గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ల మీద వీధుల్లో పడి బట్టలు చింపారు. 1721 చట్టంతో ఇంగ్లండులోనూ అలాంటి గుడ్డ కట్టడమే నేరమైంది, 1774 దాకా. గుడ్డని తరిమేసినా ఆ పూల మీద మోజు చావలేదు. ఆ తర్వాత ఎప్పుడో, 1928లో, స్టోక్‌లోని రాయల్ వింటన్ వాళ్లు 'మార్గరీట్' అని ఒక డిజైను తెచ్చారు. కప్పు మొదలు టీ పాత్ర మూత దాకా ఒక్క ఖాళీ లేకుండా పూలే పూలు. ఆ రకం సామానుని 'చింట్జ్ వేర్' అనే అంటారు. గుడ్డ పేరే! 1990ల్లో పాత సామాను పోగుచేసేవాళ్లు దానికోసం కొట్టుకునేవాళ్లు.

అంటే మన గుడ్డ మీది పువ్వు వాళ్ల కప్పు మీదికి పోయింది. కప్పు మీంచి మళ్లీ గుడ్డ మీదికి తెస్తున్న మనిషి గురించి నువ్వు రాస్తున్నావు. నీ ఊరి నుంచి పెడన ఎంత దూరం? ఆటోకి వెళ్లి రావచ్చు. ఒక్కసారైనా వెళ్లావా?

నేను వెళ్లాను, వారపత్రికలో ప్రూఫులు దిద్దే రోజుల్లో. జీతం చాలక సెలవు రోజుల్లో వ్యాసాలు రాసేదాన్ని. పెడనలో ఒక ముసలాయన, కొయ్య అచ్చులతో అద్దేవాడు, చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి. నేను దుప్పటి ముందువైపు చూసి ఆహా ఓహో అంటున్నాను. ఆయన ఏమీ అనలేదు. చేతిలోంచి తీసుకుని తిరగేసి, రంగు వెనక్కి ఎంత దిగిందో వేలితో చూపించి, మళ్లీ నా చేతిలో పెట్టాడు. తర్వాత తన పని తను చేసుకున్నాడు. ఆ రోజు ఆయన నాతో మాట్లాడిన మాటలు మొత్తం పది కూడా ఉండవు. ఆ వ్యాసం మాత్రం నేను రాసినవాటిలో ఇప్పటికీ సిగ్గు లేకుండా చూపించుకోగలిగిన ఒకటి.

నీ వ్యాసంలో నాకు నచ్చింది ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం. మీ అమ్మమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టడం. పాత జరీచీర ముక్క, ఎర్ర అంచు జాడీ మెడ దగ్గరికి వచ్చేలా మడిచి, పురికొస మూడు చుట్లు తిప్పి, ముడి పళ్లతో బిగించడం. వారం తిరిగేసరికి ఆ గుడ్డ మీద నూనె మరక రూపాయి బిళ్లంత అవడం. అక్కడ నువ్వు చూశావు. ఫాసెట్ లేడు, మధురిమల్లేవు, పళ్లున్నాయి. 'వాసెన' అనే మాట వాడినందుకు నీ చేతులు పట్టుకోవాలనిపించింది. నలభై ఏళ్ల కిందట నా కథలో ఆ మాట ఉంటే ఒక ఉపసంపాదకుడు కొట్టేసి 'మూతగుడ్డ' అని రాశాడు. పట్నం పాఠకులకి అర్థం కాదట. పట్నంలో ఆవకాయ పెట్టుకోరా? ప్రూఫు నా చేతికే వచ్చింది కదా, మళ్లీ వాసెన అని దిద్దాను. ఆయన మళ్లీ కొట్టేశాడు. మూడోసారి దిద్దేసరికి నా సీటు మార్చారు. ఎవరైనా నీ 'వాసెన' మీద చెయ్యి వేస్తే వ్యాసం వెనక్కి తెచ్చుకో. మిగతా పదమూడు పేజీల్లో ఏది కొట్టేసినా నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు పదకొండో పేజీ.

'పెరటి గోడ గూట్లో ఒంటరిగా ఉండే ఆ పిడి విరిగిన పూల కప్పు, దేన్నీ పారేయలేని మా అమ్మమ్మ ప్రేమకు ప్రతీక.'

కప్పు పెరట్లో ఎందుకుందమ్మా? ఇంట్లో అరలు లేవా? దేన్నీ పారేయలేని మనిషి పోపుల డబ్బా పక్కన పెట్టుకోవచ్చుగా. గూట్లో ఎందుకు, అదీ గేటు వైపు గోడకి? నువ్వే రాశావు, 'లోపలికి రాకుండానే అందేంత ఎత్తులో' అని. నీ కళ్లు చూశాయి, నీ వాక్యం చూడలేదు.

మా ఇంట్లోనూ ఉండేది అలాంటి కప్పు. పిడి ఊడి లోపలికి పనికిరానిదయ్యాక బయటికి వెళ్లింది. మా పాలేరు పొద్దున్నే వచ్చి గూట్లోంచి తనే తీసుకుని పట్టుకుంటే, అమ్మ పై నుంచి, కప్పుకి తగలకుండా కాఫీ పోసేది. పిడి లేదు కదా, కాలుతుంది. కండువా చెంగు చుట్టి పట్టుకునేవాడు. తాగి, కడిగి, బోర్లించి మళ్లీ గూట్లో పెట్టి వెళ్లేవాడు. దాని అడుగు ఇంట్లో అందరికీ రోజూ కనిపించేది. ఎవరం చూడలేదు.

నేను దాని మీద కూడా కథ రాశాను. నాకు అప్పుడు ముప్ఫై ఏళ్లు ఉంటాయి. కప్పు ఒంటరితనం, గూట్లో పడే ఎండ, పిచ్చుకలు. అచ్చం నీలాగే. కథకి బహుమతి వచ్చింది. నెల తర్వాత ఆఫీసుకి ఒక కార్డు వచ్చింది, ఒంగోలు వైపు నుంచి. 'మా తాత అలాంటి కప్పులోనే తాగేవాడు. మీ కథలో కప్పుకి ఎంతో బాధ ఉంది. తాగినవాడికి పేరు లేదు.' అంతే రాశాడు. కింద సంతకం. ఆ కార్డు పాఠకుల లేఖల్లో వెయ్యమని సంపాదకుడి దగ్గరికి తీసుకెళ్లాను. 'మంచి కథని ఎందుకమ్మా పాడుచేసుకుంటావు' అని సొరుగులో వేసుకున్నాడు. మర్నాడు సొరుగు తీసి నేనే తెచ్చుకున్నాను. దొంగతనమే. ఇప్పటికీ నా దగ్గరుంది.

మా పాలేరు పేరు అప్పటికి నాకు గుర్తులేదు. అమ్మని అడిగితే 'మనం పేరుతో పిలిచేవాళ్లం కాదుగా, ఒరే అనేవాళ్లం' అంది. ఇంకో ఇద్దరిని అడిగి కనుక్కున్నాను. అప్పటికే ఆయన పోయి ఆరేళ్లు. నా కథల పుస్తకం రెండో ముద్రణలో ఆ కథ తీసేశాను. దాన్ని తిరగరాయడానికి ఇన్నేళ్లుగా కూర్చుంటూనే ఉన్నాను, అవడం లేదు. అందుకే నీ పదకొండో పేజీ నన్ను నిద్రపోనివ్వలేదు.

పారితోషికం ఎవరు బాగా ఇస్తారని అడిగావు. ఎవరూ ఇవ్వరు. కలం పేరు సంగతి ఇప్పుడెందుకు.

ఫాసెట్ వ్యాసం పక్కన పెట్టు. ఆయన ఎక్కడికీ పోడు, ఆయన మీద రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ కప్పు ఇంకా గూట్లోనే ఉందని రాశావు కదా. ఈ ఆదివారం ఊరెళ్లు. అమ్మమ్మకి కుడి చెవి వినపడదన్నావు, ఎడమ పక్క కూర్చో. మధ్యాహ్నం నిద్ర లేచి కాఫీ తాగాక అడుగు, మీ మావయ్య ఇంట్లో లేనప్పుడు. అందులో ఎవరు తాగేవాళ్లో, పేరేమిటో, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో. ముందు 'ఏమోనే, ఎవరికి గుర్తు' అంటుంది. లేచి వచ్చెయ్యకు.

నీ
పెద్దమ్మ